ఆట మాన్పిస్తే మార్కులు పెరుగుతాయా?

ప్రశ్న: మాది హైదరాబాద్, చంపాపేట. మాకు ఒక్కతే పాప. ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆరో తరగతి నుంచి ఖోఖో ఆడేది, స్కూల్ టీమ్‌లో కూడా ఉండేది. పోయిన వేసవిలో పెద్దమనిషి అయింది. అప్పటి నుంచి మా అమ్మ "ఇక ఆటలు చాలు" అని పట్టుబట్టింది. అదే సమయంలో లెక్కల్లో మార్కులు తగ్గుతున్నాయని నేనూ సరేనన్నాను. ఇప్పుడు రోజూ సాయంత్రం 5:30 నుంచి 8 గంటల వరకు ట్యూషన్. మార్కులు పెరగకపోగా, 50కి 31 వచ్చే పిల్లకు ఈసారి 22 వచ్చాయి. పుస్తకం ముందు కూర్చుంటే నిద్ర. ఏమడిగినా చిరాకు. నాతో సరిగా మాట్లాడటమే మానేసింది. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో పీఈటీ సార్ "ఆట మాన్పించాక పిల్లలో ఆ చురుకే పోయిందండీ, మళ్లీ పంపండి" అన్నారు. నా భార్యదీ అదే మాట. మా అమ్మ ఒప్పుకోదు. వ్యాయామానికీ చదువుకీ నిజంగా సంబంధం ఉందా? లేక ఆటల సార్లు ఇలాగే అంటారా?

జవాబు: సంబంధం ఉంది. మీ పీఈటీ సార్ ఊరికే అనలేదు. అయితే రోజూ పరుగెత్తిన పిల్లలందరికీ ఫస్ట్ ర్యాంకు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అసలు విషయం ఏమిటో కాస్త వివరంగా రాస్తాను. రేపు మీ అమ్మగారి ముందు కూర్చుని ఈ మాటలు చెప్పాల్సింది మీరే కదా.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ఒక చిన్న ప్రయోగం చేశారు. తొమ్మిది పదేళ్ల పిల్లలను ఒక రోజు 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద వేగంగా నడిపించి, మరో రోజు ఊరికే కూర్చోబెట్టి, రెండు రోజులూ పరీక్షలు పెట్టారు. నడిచిన రోజున పిల్లల దృష్టి బాగా నిలిచింది, చదివింది బాగా అర్థమైంది. 2011లో జార్జియా రాష్ట్రంలో చేసిన మరో అధ్యయనం మీ ఇంటికి ఇంకా దగ్గర. 7 నుంచి 11 ఏళ్ల వయసున్న, బరువు ఎక్కువై ఆటలు లేని 171 మంది పిల్లలను అందులోకి తీసుకున్నారు. కొందరిని మూడు నెలల పాటు స్కూలు అయ్యాక రోజూ 20 నిమిషాలో 40 నిమిషాలో ఒళ్లు చెమట పట్టేలా ఆడించారు, మిగతావారిని మామూలుగా వదిలేశారు. ఆడిన పిల్లలకు లెక్కలు అదనంగా ఎవరూ చెప్పలేదు. అయినా లెక్కల పరీక్షలో మెరుగయ్యారు. ఎక్కువసేపు ఆడినవారికి లాభం కూడా ఎక్కువే కనిపించింది.

అన్ని అధ్యయనాల్లోనూ ఇంత స్పష్టంగా ఫలితం రాలేదు. కొన్నింటిలో లాభం కొద్దిగానే ఉంది. తండ్రిగా మీకు ఎక్కువ ధైర్యం ఇవ్వాల్సిన సంగతి వేరే ఒకటుంది. కెనడాలోని క్యుబెక్‌లో 1970లలో కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో రోజుకో గంట వ్యాయామం పెట్టి, ఆ మేరకు పాఠాల సమయాన్ని తగ్గించారు. ఏళ్ల తరబడి చూసినా ఆ పిల్లల మార్కులు తగ్గలేదు. మీ భయం అదే కదా, ఆటకు గంట ఇస్తే చదువులో గంట పోతుందని! ఆ లెక్క పిల్లల విషయంలో నిలబడదు. అలసిన బుర్రతో రెండున్నర గంటలు కూర్చున్న పిల్లకు గంట పాఠం ఎక్కినా గొప్పే.

ఒళ్లు కదిలినప్పుడు గుండె వేగం పెరిగి మెదడుకు రక్తం బాగా అందుతుంది. నాడీకణాలు ఎదగడానికి, వాటి మధ్య కొత్త లంకెలు ఏర్పడటానికి తోడ్పడే పదార్థాలు కూడా ఎక్కువగా తయారవుతాయి. రాత్రి నిద్ర బాగా పడుతుంది. పగలు చదివింది జ్ఞాపకంలో కుదురుకునేది నిద్రలోనే.

ఇక మీ పాప ఆడే ఆట సంగతి చూడండి. ఖోఖో అంటే ఉత్త పరుగు అనుకుంటాం. ఎనిమిది మంది వరసగా గళ్లలో కూర్చుంటారు, ఒకరి ముఖం ఇటుంటే పక్కవారి ముఖం అటు. తరిమే అమ్మాయి మధ్యగీత దాటకూడదు. ఒక దిక్కుకు అడుగు వేశాక, చివరి స్తంభం చేరేదాకా వెనక్కి తిరగకూడదు. కూర్చున్న పిల్లకైతే ఇంకా కష్టం. అవతలి జట్టు అమ్మాయి చేతికి అందేంత దగ్గర నుంచి పోతున్నా, వెనక నుంచి "ఖో" అని వినపడేదాకా లేవకూడదు. తొందరపడి లేస్తే ఫౌల్. అంటే తొందరను ఆపుకోవాలి, రూల్ గుర్తుంచుకోవాలి, ఎదుటివారి కదలిక చూస్తూ క్షణంలో నిర్ణయం తీసుకోవాలి. వ్యాయామం వల్ల మెరుగైనట్టు పరిశోధకులు చూసింది ఎక్కువగా ఇలాంటి శక్తులే. సమీకరణంలో సంఖ్యను ఇటు నుంచి అటు తెచ్చేటప్పుడు గుర్తు మార్చడం మర్చిపోకుండా ఉండాలన్నా, జవాబు రాకపోతే పెన్ను పక్కన పడేయకుండా మరోసారి చూడాలన్నా కావలసినవి ఇవే.

మీ ఉత్తరంలో నాకు బాగా గుచ్చుకున్నది 22 మార్కుల సంగతి కాదు, పాప మీతో మాట్లాడటం మానేసిందన్న మాట. ఆ పిల్ల వైపు నుంచి ఒక్కసారి చూడండి. శరీరంలో పెద్ద మార్పు వచ్చింది. దానికి అలవాటు పడుతుండగానే ఆట పోయింది. ఆటతో పాటు రోజూ సాయంత్రం నవ్వుతూ గడిపే స్నేహితురాళ్లు పోయారు, "నేను టీమ్‌లో ఉన్నాను" అనే గర్వం పోయింది. బదులుగా వచ్చింది ఏమిటి? తనకు కష్టమైన సబ్జెక్టే రోజుకు రెండున్నర గంటలు. తాను చేసిన తప్పంటూ ఏదీ లేదు. ఎదగడమే తప్పయినట్టు ఆ పిల్లకు తోచి ఉంటుంది. ఈ వయసు పిల్లలు అలాంటి మాట నోటితో చెప్పరు, ముభావంగా ఉంటారు.

ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ల మగపిల్లల్లో నూటికి 78 మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. ఆడపిల్లల్లో ఆ సంఖ్య 85. ఈ వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర ఆడపిల్లకు పన్నెండు పదమూడేళ్లు రాగానే సైకిలూ పోతుంది, గల్లీలో షటిలూ పోతుంది. మగపిల్లవాడు మాత్రం అదే గల్లీలో రాత్రి ఎనిమిదింటి దాకా క్రికెట్ ఆడుతూనే ఉంటాడు.

మీ అమ్మగారితో గొడవ పెట్టుకోవద్దు. మీ భార్యను ముందుకు తోసి మీరు పక్కకు తప్పుకోవడం అసలే వద్దు. ఆ భారం కోడలి మీద పడితే అది అత్తాకోడళ్ల పంతంగా మారి, అసలు విషయం పక్కకు పోతుంది. కొడుకుగా మీరే మాట్లాడండి. ముందు ఆవిడ మాట వినండి. "అమ్మా, నీ భయం ఏమిటి?" అని అడిగి ఊరుకోండి. బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్లు గంటల తరబడి చప్పట్లు కొడుతూ ఆడటం చూస్తూ పెరిగిన తరం అది. ఆడపిల్ల ఒళ్లు అలిసేలా ఆడితే తప్పని ఆవిడకు ఉండదు. నాకు తెలిసినంతలో పెద్దవాళ్ల భయాలు ఇలా ఉంటాయి: నలుగురూ చూసే గ్రౌండు, పొట్టి నిక్కరు, మగ సారు, చీకటి పడటం, ఎండకు నల్లబడటం, దెబ్బ తగిలితే రేపు సంబంధాలు. వీటిలో కొన్ని భయాలు న్యాయమైనవే, కొన్ని కావు. రంగు గురించి, పెళ్లి సంబంధాల గురించి మాటలొస్తే పాప వినేలా మాత్రం సాగనివ్వకండి.

న్యాయమైన వాటికి ఏర్పాట్లు చేయండి. ట్రాక్ ప్యాంటు, వదులు టీషర్టు వేసుకుని హాయిగా ఆడొచ్చు. వయసుకు తగ్గ లోదుస్తులు, స్పోర్ట్స్ బ్రా లాంటివి వాళ్లమ్మ కొనిపెడితే సగం బిడియం పోతుంది. చాలామంది అమ్మాయిలు ఆట మానేయడానికి ఇదీ ఒక కారణమే, పైకి చెప్పరంతే. ప్రాక్టీసు సమయంలో లేడీ టీచర్ ఎవరైనా ఉంటారా అని స్కూల్లో అడగండి. ఉండాలని అడిగే హక్కు మీకుంది. చీకటి పడకముందే ముగించి, టీమ్ పిల్లలతో కలిసి వచ్చేలా చూడండి. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది పాప ఇష్టం. ఆడితే ఒంటికి హాని లేదు, కొందరికి వ్యాయామంతో కడుపునొప్పి తగ్గుతుంది కూడా.

ఇంకొక్కటి. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో ప్రపంచ కప్ జరిగింది. మన ఆడవాళ్ల జట్టు, మగవాళ్ల జట్టు రెండూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి గెలిచాయి. ఆ మ్యాచ్ వీడియో ఫోన్‌లో పెట్టి, నానమ్మ పక్కన పాపను కూర్చోబెట్టండి. రూల్స్ పాపే వివరిస్తుంది. తర్వాత ఒక సాయంత్రం మీ అమ్మగారిని స్కూల్ గ్రౌండుకు తీసుకెళ్లండి. మనవరాలు ఆడుతుంటే చూసి కూడా వద్దనడం చాలామంది నానమ్మలకు చేతకాదు.

ఇక టైమ్ సంగతి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ట్రాఫిక్‌లో పిల్లను ఊరవతల అకాడమీకి తిప్పితే ప్రాణం రోడ్డు మీదే పోతుంది. ఆ ఆలోచన పెట్టుకోకండి. స్కూల్ వదిలాక అక్కడే వారానికి మూడు రోజులు గంట చొప్పున ఖోఖో చాలు. మిగతా రోజుల్లో డాబా మీద స్కిప్పింగ్, కాలనీ పార్కులో షటిల్, పాలప్యాకెట్ కోసం నడిచి వెళ్లడం, ఏదైనా లెక్కలోకే వస్తుంది. 60 నిమిషాలూ ఒకేసారి కానక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే మీరూ బూట్లు వేసుకుని తనతో పాటు సరూర్‌నగర్ స్టేడియం దాకా వెళ్లి రండి. ఎండాకాలంలో అయితే ఏడింటిలోపే ముగించాలి. ఆటకు ముందు ఒక అరటిపండో, పల్లీపట్టీ ముక్కో తినిపించండి. చాలామంది పిల్లలు మధ్యాహ్నం చల్లారిన లంచ్‌బాక్స్ తర్వాత ఏమీ తినకుండానే ట్యూషన్‌లో కూర్చుంటారు.

ట్యూషన్ ఆరు రోజులుంటే నాలుగుకు తగ్గించమని మాస్టారును అడగండి. ఆట అయ్యాక స్నానం చేసి, కాస్త తిని, లెక్కలే మొదట మొదలుపెట్టమనండి. దృష్టి బాగా నిలిచేది ఆ వేళలోనే. రాత్రి ఫోన్ హాల్లోనే ఉండాలి, మీ ఫోన్‌తో సహా. 13 ఏళ్లు దాటిన పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదకొండింటి దాకా హోంవర్క్ రాయించి ఐదింటికి లేపితే ఏ వ్యాయామమూ కాపాడలేదు.

పుస్తకం ముందు నిద్ర అన్నారు కాబట్టి ఒక రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. నెలసరి మొదలైన ఏడాదిలో రక్తహీనత రావడం మన ఆడపిల్లల్లో చాలా ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే డాక్టర్ చెప్పినట్టు ఐరన్ వాడాలి. అన్నంతో పాటు కాస్త నిమ్మరసం మంచిది, తిన్న వెంటనే టీ మంచిది కాదు. కంటిచూపు కూడా చూపించండి, బోర్డు మీది అంకెలు కనపడక లెక్కల్లో వెనకబడిన పిల్లలు ఎందరో. ఇవన్నీ సరిచేసినా, ఆట మళ్లీ మొదలైనా రెండు వారాలకు పైగా దిగులుగానే ఉంటే, తిండి తగ్గితే, ఏడుస్తుంటే సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

పాపతో మాత్రం ఇవేవీ జరగకముందే మాట్లాడండి. "నీ ఆట నిన్ను అడగకుండా ఆపేశాం, అది మా పొరపాటు. మళ్లీ ఆడాలని ఉందా?" అంతే. "ఆడితే మార్కులు పెరుగుతాయంట, అందుకే పంపిస్తున్నా" అని దయచేసి అనకండి. అలా అంటే ఆట కూడా ఇంకో ట్యూషన్ అయి కూర్చుంటుంది. "వద్దు నాన్నా" అని వెంటనే అనొచ్చు, ఇన్నాళ్లలో టీమ్‌లో తన చోటు వేరే అమ్మాయికి వెళ్లి ఉంటుంది, సిగ్గుగా ఉంటుంది. బలవంతం చేయకుండా వారం ఆగి మళ్లీ అడగండి. డాన్స్ అన్నా, సైకిల్ అన్నా సరేననండి. పీఈటీ సార్‌కు ముందే ఒక మాట చెబితే, మొదట్లో బెంచ్ మీద కూర్చోబెట్టకుండా చూసుకుంటారు.

వచ్చే పరీక్షలో లెక్కల మార్కులు పెరగకపోయినా ఆట మళ్లీ ఆపకండి. ఆట వల్ల బుర్ర పాఠానికి సిద్ధమవుతుంది, కానీ రాని పాఠాన్ని ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఎనిమిదో తరగతిలో తడబడే పిల్లలకు చాలాసార్లు ఆరు, ఏడు తరగతుల భిన్నాలూ రుణ సంఖ్యలే సరిగా వచ్చి ఉండవు. ఆ 22 మార్కుల పేపరు తీసి ట్యూషన్ మాస్టారు ముందు పెట్టండి. తప్పులు ఎక్కడ మొదలయ్యాయో చూసి, ఒక నెల పాటు కొత్త పాఠాలు ఆపి అవే చెప్పమని అడగండి.