ఫారం చింపేసిన నాన్న

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. మా అబ్బాయి గవర్నమెంట్ హైస్కూల్లో పదకొండో తరగతి. వచ్చే ఏడాదికి బైబిల్‌ను సాహిత్యంగా చెప్పే క్లాసు ఎంచుకున్నాడు. ఇష్టమైతేనే తీసుకునే సబ్జెక్టు. ‘మతం మార్చే ఎత్తు ఇది, మన భారతం చెబుతారా వాళ్ళు?’ అని మావారు ఫారం చింపేశారు. చిన్నప్పుడు రోజూ వాడికి భారతం కథలు చెప్పి నిద్రపుచ్చిన మనిషి, వారం నుంచి వాడితో మాట్లాడటం లేదు. బడిలో అసలు ఇది చెప్పొచ్చా? నేనెవరి పక్కన నిలబడాలి?

జవాబు: చెప్పొచ్చమ్మా. గవర్నమెంట్ బడుల్లో పొద్దున్నే భక్తిగా బైబిల్ చదివించడం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1963లోనే, అబింగ్టన్ కేసులో తేల్చింది. మతబోధ జోలికి పోకుండా సాహిత్యంగా, చరిత్రగా పాఠం చెబితే మాత్రం తప్పులేదని అదే తీర్పులో రాసింది. మీవారి భయాన్నీ కోర్టు కొట్టిపారేయలేదు, మీవాడి కోరికనూ కాదనలేదు.

చెప్పాలా అంటే, చెప్పాలనే అంటాను. కుంభకర్ణుడి నిద్ర, శకుని పాచికలు అంటే ఏమిటో తెలియనివాడు తెలుగు పేపరు ఎంతవరకు చదవగలడు? ఇంగ్లీషుకి బైబిల్ అలాంటిది. పైగా కథలు గట్టివి. దావీదు రాజు తన సైనికుడి భార్యను చేరదీసి, అతన్ని యుద్ధంలో చంపిస్తాడు. నాతాను అనే ప్రవక్త వచ్చి నిలదీయడు, కథ చెబుతాడు. మందలకు మందలున్న ధనవంతుడొకడు, ఇంటికి చుట్టం వస్తే, ఒక పేదవాడు కూతురిలా సాకిన ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని వండించాడని. రాజు మండిపడి, వాడు చావాల్సిందే అంటాడు. ‘ఆ మనుష్యుడవు నీవే’ అంటాడు నాతాను. పదహారేళ్ళ పిల్లాడికి కథ బలం చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే చిక్కంతా చెప్పే మనిషితోనే. సిలబస్, పాత ప్రశ్నపత్రం అడిగి చూడండి. ‘నాతాను సూటిగా తిట్టకుండా కథెందుకు చెప్పాడు?’ అని ఉంటే నిశ్చింత. ‘ఇందులో దేవుడు నీకేం చెబుతున్నాడు?’ అని ఉంటే మీవారి మాటే నిజం, నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళండి. ప్రొటెస్టంట్ల బైబిల్లో 66 పుస్తకాలు, కేథలిక్కుల దాంట్లో 73. ఆ తేడా ఎందుకొచ్చిందో కూడా చెప్పే టీచరైతే నాకింకా ధైర్యం.

ఇక ఇంటి సంగతి. ఎవరి పక్కనా నిలబడకండి. మీవారిది కోపంలా లేదు, బెంగలా ఉంది. పిల్లాడు ఎదిగాడు, కథలు ఆగిపోయాయి, ఇప్పుడు వాడు వేరేవాళ్ళ కథలు వినడానికి వెళ్తున్నాడు. ఆయనకు గుచ్చుకున్నది అదేనేమో. (ఈ ముక్క ఆయనతో అనకండి, ఒప్పుకోరు.) ‘మన భారతం చెబుతారా’ అన్నారుగా, ఇంట్లో చెప్పమనండి. మీవాడు నాతాను కథ చెప్పిన రోజున, నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్న ఆయన వినిపించవచ్చు.

చిరిగిన ఫారానికేం, బడిలో ఇంకోటి ఇస్తారు. తెచ్చే పని మాత్రం మీవారికే అప్పగించండి. ఎలాగూ వెళ్తారు కాబట్టి ఆ టీచర్ని కూడా ఓసారి చూసొస్తారు.