పారిస్ నుంచి ఉత్తరాలు రాయబోతున్న అమ్మడికి

అమ్మడూ,

పారిస్ నుంచి పదిహేను రోజులకోసారి వారపత్రికకు ఉత్తరం రాయమన్నారట, మీ నాన్న చెప్పాడు. ఒప్పేసుకో. కాకపోతే మొదటిది పంపేలోగా అమెరికన్ పాత్రికేయురాలు జానెట్ ఫ్లానర్ రాసినవి కొన్ని చదువు. యుద్ధకాలం తీసేస్తే, 1925 నుంచి 1975 దాకా అక్కడినుంచి ఆవిడ చేసిన పని ఇదే.

ఆవిడది ఇండియానాపోలిస్. పారిస్ వెళ్లాక న్యూయార్క్‌లో ఉన్న స్నేహితురాలు జేన్ గ్రాంట్‌కి కబుర్లు రాస్తుండేది. జేన్ భర్త హెరాల్డ్ రాస్ అప్పుడే ‘న్యూయార్కర్’ వారపత్రిక పెట్టాడు. ఆ కబుర్లేవో మాకే రాయమన్నారు. రాస్ షరతు ఒక్కటే: నువ్వేమనుకుంటున్నావో నాకక్కర్లేదు, ఫ్రెంచివాళ్లేమనుకుంటున్నారో చెప్పు. నా షరతూ అదే. ఈఫిల్ టవర్ చూసి నీ ఒళ్లు పులకరించిందని రాశావో, ఇక్కడ పేజీ తిప్పేస్తారు. ఆవిడ ఉత్తరాల కింద ఉండే ‘జెనే’ అన్న కలం పేరు కూడా రాస్ తగిలించిందే. కాబట్టి నీ పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారని ముందే బేరం పెట్టకు.

వాళ్ల మనసు ఎలా తెలుస్తుందంటావా? ఆవిడ ఫ్రెంచి దినపత్రికలు కట్టలకొద్దీ చదివేది. హత్యకేసులు, చావు కబుర్లు, కూడూ గుడ్డా ధరలు, ఏదీ వదిలేది కాదు. నువ్వూ ఫోన్ పక్కన పెట్టి పేపరు కొను.

చూసింది చూసినట్టు రాయడానికి జంకకు. 1925లో నర్తకి జోసెఫిన్ బేకర్ పారిస్‌లో ఇచ్చిన తొలి ప్రదర్శన గురించి ఆవిడ పొడిపొడిగా రాసి ఊరుకుంది. 1972లో తన పాత ఉత్తరాలు పుస్తకంగా వచ్చినప్పుడు ముందుమాటలో, అప్పుడు భయపడుతూ మొద్దులా రాశానని ఒప్పుకుని, ఆ రాత్రిని మళ్లీ రాసింది. బేకర్ ఒంటిమీద గులాబీరంగు ఫ్లెమింగో ఈక తప్ప మరేమీ లేదన్న సంగతి మనకు అక్కడే కనిపిస్తుంది. నలభై ఏడేళ్లు ఆలస్యంగా!

ఒక్కచోట మాత్రం ఆవిడతో నాకు పేచీ. 1936లో హిట్లర్ మీద మూడు భాగాలు రాసింది. సాసేజీలు, చుట్టలు, బీరు, పిల్లలు అంటే ప్రాణమిచ్చే దేశాన్ని ఏలేవాడు మాంసం ముట్టడు, మందు తాగడు, పొగ పీల్చడు, పైగా బ్రహ్మచారి అంటూ మొదలవుతుంది. భలే ఎత్తుగడ. కానీ మరీ మెత్తగా రాసిందని అప్పట్లోనే కొందరు తప్పుపట్టారు. నాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది. పక్కవాళ్ల మాట చెప్పే వంకతో నీ కళ్లెదుట ఉన్న అన్యాయాన్ని దాటెయ్యకు. 1944లో పారిస్ తిరిగొచ్చాక ఆవిడ రాసినవీ, బాంబులకు నేలమట్టమైన జర్మనీ నగరం కొలోన్ నుంచి 1945లో పంపినదీ, నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణ గురించి రాసినవీ చదువు. అక్కడ మెత్తదనం కనపడదు. యుద్ధం తర్వాతి పారిస్ ఉత్తరాల సంపుటానికే 1966లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది.

మొదటి ఉత్తరం పత్రికకంటే ముందు నాకు పంపు. ‘అద్భుతం’, ‘అపురూపం’ కనపడితే కొట్టేస్తాను, అలగకూడదు.

మీ పెదనాన్న