యూనిట్ టెస్ట్‌లో జేసన్ ఫైల్ దొరకడం లేదా? అసెట్స్‌లో పెట్టకండి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఆర్డర్ల జాబితా తెచ్చే సర్వీస్ క్లాస్‌కి ఆండ్రాయిడ్‌లో యూనిట్ టెస్ట్ రాస్తున్నారు. శాంపిల్ జేసన్‌ని (డేటా రాసి ఉన్న టెక్స్ట్ ఫైల్) అసెట్స్‌లో (యాప్‌తో పాటు వెళ్లే ఫైళ్ల ఫోల్డర్) పెట్టారు. టెస్ట్ నడిపితే నల్ పాయింటర్ ఎక్సెప్షన్, అంటే నల్‌ని (ఏమీ లేని ఖాళీ విలువ) వాడబోతే వచ్చే ఎర్రర్, వస్తోంది. నేనూ రెండు రోజులు ఇక్కడే తల బద్దలు కొట్టుకున్నానండి.

లోకల్ యూనిట్ టెస్ట్ ఫోన్‌లో నడవదు, మీ కంప్యూటర్‌లోని జేవీఎంలో (జావా కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) నడుస్తుంది. అక్కడ దొరికే ఆండ్రాయిడ్ జార్ (ఆండ్రాయిడ్ క్లాసులున్న లైబ్రరీ ఫైల్) ఉత్త డొల్ల. మెథడ్ల పేర్లు ఉంటాయి, లోపల పనేమీ ఉండదు. మాకిటోతో (టెస్టుల కోసం నకిలీ ఆబ్జెక్టులు చేసే లైబ్రరీ) చేసిన కాంటెక్స్ట్‌ని (యాప్ ఫైళ్లు, వనరులు అందించే ఆబ్జెక్ట్) అసెట్స్ అడిగితే, మీరు ముందుగా చెప్పి ఉంచకపోతే నల్ చేతిలో పెడుతుంది.

మీ మాడ్యూల్‌లో ఎస్ఆర్‌సీ కింద టెస్ట్ ఫోల్డర్, దానిలో జావా ఫోల్డర్ పక్కనే రిసోర్సెస్ అని ఇంకో ఫోల్డర్ చేసి ఫైల్ అందులో పెట్టండి. జావా ఫోల్డర్‌లోనే పెడితే కుదరదు, ప్రాజెక్ట్‌ని బిల్డ్ చేసే గ్రేడిల్ దాన్ని కాపీ చేయదు. తర్వాత క్లాస్‌లోడర్‌ని (క్లాసులను, వాటి ఫైళ్లను వెతికి తెచ్చేది) గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్ అనే మెథడ్‌తో ఫైల్ పేరుతో అడగండి.

నన్ను ఎక్కువ ఏడిపించింది స్లాష్. క్లాస్‌లోడర్‌ని అడిగేటప్పుడు పేరు ముందు స్లాష్ ఉండకూడదు. అదే మెథడ్‌ని క్లాస్ మీద పిలిస్తే స్లాష్ ఉండాలి, లేకపోతే ఆ క్లాస్ ఉన్న ప్యాకేజీ లోపల వెతుకుతుంది. రెండు చోట్లా తప్పు చేస్తే ఎర్రర్ రాదు, నోరు మెదపకుండా నల్ వస్తుంది.

అప్పట్లో విసుగొచ్చి ఫైల్ దారి మొత్తం ఎస్ఆర్‌సీ నుంచి స్ట్రింగ్‌గా రాసేశాను. టెర్మినల్‌లో గ్రేడిల్‌తో పాస్, ఎడిటర్‌లో బటన్ నొక్కితే ఫెయిల్! గ్రేడిల్ మాడ్యూల్ ఫోల్డర్‌ నుంచి నడిపిస్తుంది, నా ఎడిటర్ ప్రాజెక్ట్ రూట్‌ నుంచి నడిపించింది. ఆ దారి పట్టకండి. ఇంకోటి, ఫైల్ పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వస్తే విండోస్, మ్యాక్ సాధారణంగా ఊరుకుంటాయి, లినక్స్ బిల్డ్ సర్వర్ ఊరుకోదు.

మా జేసన్‌లో కస్టమర్ల పేర్లు తెలుగులో ఉండేవి. నా విండోస్ మెషీన్‌లో అవి పిచ్చి గుర్తులుగా మారి అసర్షన్ (టెస్ట్‌లో ఫలితాన్ని సరిచూసే లైన్) ఫెయిలయ్యేది. ఫైల్‌ని అక్షరాలుగా చదివే ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్‌కి యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనూ రాసే ఎన్‌కోడింగ్) అని చెప్పకపోవడమే కారణం. జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 18 నుంచి అదే డిఫాల్ట్, మేము వాడింది 11. కోట్లిన్ బఫర్డ్‌రీడర్ అయితే ముందునుంచీ యూటీఎఫ్-8గానే చదువుతుంది.

ఫోన్ మీద నడిచే ఇన్‌స్ట్రుమెంటెడ్ టెస్ట్ అయితే సంగతి వేరు. ఫైల్ ఆండ్రాయిడ్‌టెస్ట్ కింద అసెట్స్‌లో ఉండాలి. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇచ్చే కాంటెక్స్ట్‌నే వాడాలి. టార్గెట్‌కాంటెక్స్ట్ మీ అసలు యాప్‌ది, దానికి టెస్ట్ ఫైళ్లు కనపడవు.

వీలైతే పార్సింగ్ చేసే భాగానికి కాంటెక్స్ట్ ఇవ్వడం మానేసి ఇన్‌పుట్‌స్ట్రీమ్ ఇవ్వండి. నెట్‌వర్క్ సర్వీస్ అయితే ఆ ఫైల్‌ని చదివి మాక్‌వెబ్‌సర్వర్‌కి (టెస్టుల కోసం నడిపే నకిలీ సర్వర్) రెస్పాన్స్ బాడీగా పెట్టండి. నేనిప్పుడు అలాగే చేస్తున్నాను.

అయినా నల్ వస్తుంటే, బిల్డ్ ఫోల్డర్‌లోకి ఆ జేసన్ కాపీ అయిందో లేదో ముందు చూడండి. అయి ఉంటే మీరు రాసిన ఆ ఒక్క లైనూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.