హాలోజన్లు గుర్తుండటం లేదన్న మనవరాలికి

చిరంజీవి అమ్మడుకి,

హాలోజన్ల పట్టిక ఎన్నిసార్లు బట్టీ పట్టినా పరీక్షనాటికి నిలవడం లేదని రాశావు. అంకెలు పక్కన పెట్టమ్మా. హాలోజన్లంటే ఆవర్తన పట్టికలో 17వ గ్రూపు మూలకాలు; ఆ గ్రూపులో పైనుంచి కిందికి దిగేకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది. ముందు ఇదొక్కటి గట్టిగా పట్టుకుని, ప్రతి ధర్మం దగ్గరా 'దీనికీ సైజుకీ సంబంధమేమిటి?' అని అడుగు.

మరుగు స్థానాలు ఫ్లోరిన్‌కి మైనస్ 188, క్లోరిన్‌కి మైనస్ 34, బ్రోమిన్‌కి 59, అయోడిన్‌కి 184 డిగ్రీల సెల్సియస్. అణువులో ఎలక్ట్రాన్లు పెరిగేకొద్దీ అణువుల మధ్య ఆకర్షణ పెరుగుతుంది, అంతే. అందుకే మొదటి రెండూ వాయువులు, బ్రోమిన్ ద్రవం, అయోడిన్ ఘనం.

నువ్వు ఎక్కువసేపు కూర్చోవలసింది ఫ్లోరిన్ దగ్గర. మార్కులు పోయేదీ, అసలు అందం ఉన్నదీ అక్కడే. ఋణవిద్యుదాత్మకతలో, అంటే బంధంలోని ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కునే శక్తిలో, మూలకాలన్నిటిలో అదే మొదటిది. అయినా ఎలక్ట్రాన్ అఫినిటీ, అంటే పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ని చేర్చుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి, క్లోరిన్‌కే ఎక్కువ: మోల్‌కి క్లోరిన్‌కి 349, ఫ్లోరిన్‌కి 328 కిలోజౌళ్లు. ఫ్లోరిన్ మరీ చిన్నది కాబట్టి, వచ్చే ఎలక్ట్రాన్‌ని అక్కడ ఇరుక్కుని ఉన్నవి నెట్టేస్తాయి. రెండు ఫ్లోరిన్ పరమాణువుల మధ్య బంధం బలహీనంగా ఉండటానికీ ఆ వికర్షణే కారణం. బంధాన్ని తెంచడానికి క్లోరిన్‌కి మోల్‌కి 242 కిలోజౌళ్లు కావాలి, దీనికి 158 మాత్రమే. మరి బలమైన ఆక్సీకరణి (ఇతరుల ఎలక్ట్రాన్లని లాక్కునేది) ఫ్లోరినే ఎలా అయింది? బంధం సులువుగా తెగుతుంది, పైగా చిన్న ఫ్లోరైడ్ అయాన్‌ని నీళ్లు చుట్టుముట్టినప్పుడు చాలా శక్తి విడుదలవుతుంది. అఫినిటీలో తగ్గింది ఈ రెండింటితో పూడిపోతుంది. ఈ లెక్క నీ చేత్తో ఒక్కసారి వేసి చూడు, ఇక మరచిపోవు.

ల్యాబ్‌లో పొటాషియం అయోడైడ్ ద్రావణంలో క్లోరిన్ నీళ్లు కొద్దిగా పోస్తే గోధుమరంగు వస్తుంది. కాస్త హెక్సేన్ కలిపి ఊపి వదిలెయ్యి. పైపొర ఊదారంగుకి తిరుగుతుంది, క్లోరిన్ తోసెయ్యగా బయటపడ్డ అయోడిన్ అదే. ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లోనే (విషవాయువుల్ని బయటికి లాగేసే గూడులోనే) చెయ్యాలి. క్లోరిన్ వాసన చూడకు. బ్రోమిన్ చర్మాన్ని కాల్చేస్తుంది, గ్లవ్స్ లేకుండా ఆ సీసా ముట్టుకోవద్దు.

ద్రావణంలో ఏ హాలోజన్ అయాన్ ఉందో చెప్పే సిల్వర్ నైట్రేట్ పరీక్షలో క్లోరైడ్‌కి తెలుపు, బ్రోమైడ్‌కి మీగడరంగు, అయోడైడ్‌కి పసుపు అవక్షేపం. తెలుపుకీ మీగడకీ తేడా కంటికి చిక్కకపోతే విలీన అమ్మోనియా ద్రావణం (నీళ్లు ఎక్కువ కలిపి పల్చన చేసినది) పొయ్యి. కరిగిపోతే క్లోరైడే.

హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది, హైడ్రోజన్ క్లోరైడ్ మాత్రం మైనస్ 85 దగ్గరే. కారణమేమిటో పుస్తకం తెరవకుండా రాసి, వచ్చే ఉత్తరంలో పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య