లా డిగ్రీ ఫీజు మొత్తం ముందే కట్టేయమంటున్నారు, కట్టనా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఒక సంస్థలో ఒప్పంద పత్రాలు చూసే విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో నాలుగేళ్ల లా డిగ్రీ చేసి, యాభై ఏళ్లు వచ్చేలోపు సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవాలని నా కోరిక. నాలుగేళ్ల ఫీజూ ఒకేసారి కడితే 10 శాతం తగ్గిస్తామంటున్నారు. చేతిలో ఐదు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా డబ్బుంది. మిగతాదంతా రిటైర్మెంటు కోసం దాచుకున్నదే. పిల్లలిద్దరూ హైస్కూల్లో ఉన్నారు. ఆ రిటైర్మెంటు డబ్బులోంచి తీసి కట్టనా, అప్పు చేసి కట్టనా?

జవాబు: రెండూ వద్దండీ. చదువుకోవద్దని మాత్రం అనడం లేదు. అసలు డబ్బు లెక్కకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ డిగ్రీ చేతికొస్తే మిమ్మల్ని లాయరుగా నమోదు చేసుకుంటారా? మీరు ఏ దేశం నుంచి రాశారో చెప్పలేదు. జవాబేమో పూర్తిగా దానిమీదే ఆధారపడి ఉంది.

భారతదేశంలోనైతే చేసుకోరు. న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 న్యాయవిద్య నియమాల ప్రకారం ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్‌గానే చదవాలి, ప్రతి సబ్జెక్టులో 70 శాతం తరగతులకు హాజరు ఉండాలి. అంతకుముందు చేసిన మామూలు డిగ్రీ దూరవిద్యలో చేసినా ఒప్పుకుంటారు కానీ, లా డిగ్రీని ఒప్పుకోరు. ఇంగ్లండ్, వేల్స్‌లో పద్ధతి వేరు. లండన్ విశ్వవిద్యాలయం 1858 నుంచే వేరేచోట చదువుకున్నవారిని కూడా తన పరీక్షలకు కూర్చోనిస్తోంది. దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ అక్కడ పాత మాటే. అయినా సొలిసిటర్ (అక్కడి లాయర్లలో ఒక రకం) కావాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు. 2021లో మొదలైన ఎస్‌క్యూఈ (సొలిసిటర్ అర్హత) పరీక్షలు రెండూ గట్టెక్కాలి, రెండేళ్ల పని అనుభవం చూపాలి. అమెరికాలో కాలిఫోర్నియా దూరవిద్య లా స్కూళ్లను అనుమతిస్తుంది. ఆ చదువుతో చాలా ఇతర రాష్ట్రాల్లో లాయరు కావడానికి రాయాల్సిన బార్ పరీక్షకు కూర్చోనివ్వరు.

కాబట్టి కాలేజీ వాళ్లను కాకుండా, మీరు ప్రాక్టీసు చేయదలచుకున్న చోట లాయర్లను నమోదు చేసే సంస్థనే అడగండి. కోర్సు పేరు, అది దూరవిద్య అన్న మాట స్పష్టంగా రాసి, జవాబు కూడా రాతలోనే తెప్పించుకోండి. యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, ఆ డిగ్రీతో లాయరు కాగలగడం వేరు. ఈ తేడా ఆఖరి సంవత్సరంలో తెలుసుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. వాళ్ల ఫీజుల కంటే వాళ్లు పోగొట్టుకున్న సాయంత్రాలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

ఇక ఆ 10 శాతం సంగతి. ఫీజు నాలుగు సమాన వాయిదాల్లో ఏటా మొదట్లో కట్టాల్సిందనుకుందాం. మొత్తం ఫీజు 100 వంతులైతే ఏటా 25. ఒకేసారి కడితే 90. చదువు పూర్తి చేస్తే, ముందే కట్టిన డబ్బు మీకు ఏడాదికి సుమారు ఏడున్నర శాతం సంపాదించిపెట్టినట్టు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ మొదటి ఏడాది తర్వాత ఆపేయాల్సి వస్తే? వాయిదాల్లో కట్టినవారికి పోయేది 25. మీకు పోయేది 90. రెండో ఏడాది తర్వాత ఆపినా 50కి 90. ఉద్యోగం, హైస్కూలు పిల్లలు, పెద్దవాళ్ల ఆరోగ్యం ఉన్న ఇంట్లో నాలుగేళ్లూ ఏ ఆటంకమూ రాదని అనుకుని 65 వంతులు పణంగా పెట్టమని నేను చెప్పలేను. పైగా అప్పు చేసి కడితే, ఆ వడ్డీ ఏడున్నర శాతం దాటిన రోజున తగ్గింపుకు అర్థమే ఉండదు. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రాసిన కాగితం చూపించమనండి. మిగిలిన ఫీజంతా తిరిగిస్తామని అందులో ఉంటేనే ఈ మాట మళ్లీ ఆలోచిద్దాం.

మీరు రాయని ఖర్చు ఒకటుంది, గంటలు. కాలిఫోర్నియా నిబంధన ప్రకారం దూరవిద్యలో లా చదివేవారు ఏటా 864 గంటల చొప్పున నాలుగేళ్లు చదవాలి. ఇంగ్లండ్‌లో ఆనర్స్ డిగ్రీకి 360 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు పది గంటల చదువు లెక్క. రెండుచోట్లా తేలేది దాదాపు మూడున్నర వేల గంటలే. నాలుగేళ్లలో ముగించాలంటే వారానికి పదహారు, పదిహేడు గంటలు. అంటే రోజూ రాత్రి గంటన్నర, ఆదివారం పూర్తిగా. ఆరేళ్లకు పరుచుకుంటే వారానికి పదకొండు, పన్నెండు గంటలు సరిపోతాయి. మీ వయసులో నేను ఆరేళ్ల దారినే ఇష్టపడతాను. యాభై లోపు చేరాలన్న మీ గడువుకూ అది దగ్గరగానే ఉంటుంది. నెల్సన్ మండేలా 1943లో యూనివర్సిటీలో మొదలుపెట్టిన లా డిగ్రీని జైల్లో దూరవిద్యతో కొనసాగించి, 1989లో పూర్తిచేశారు. అంతకాలం ఎవరికీ వద్దుగానీ, రిజిస్ట్రేషన్ ఎన్నేళ్లు చెల్లుతుందో, మధ్యలో ఏడాది ఆగితే అదనంగా ఏం కట్టాలో మాత్రం చేరకముందే అడగండి.

అన్నిటికంటే పెద్ద ఖర్చు డిగ్రీ చేతికొచ్చాకే మొదలవుతుంది. భారతదేశంలో ప్రాక్టీసు చేస్తున్న అడ్వకేటు పూర్తికాలపు జీతం ఉద్యోగంలో ఉండకూడదు. అంటే నమోదైన రోజునుంచి జీతం ఆగిపోతుంది. మిగతాచోట్ల కూడా శిక్షణ కాలంలో వచ్చేది మీ ఇప్పటి జీతం కంటే తక్కువ కావచ్చు. కక్షిదారులు ఒక్కొక్కరుగా రావాలి, ఫీజులు ఆలస్యంగా చేతికందుతాయి. అందుకే ఉద్యోగం వదిలేనాటికి కనీసం పద్దెనిమిది నెలల ఇంటి ఖర్చులు విడిగా ఉండాలంటాను. ఇప్పుడున్న ఐదు నెలల డబ్బు అందులో భాగమే తప్ప ఫీజు కోసం కాదు.

రిటైర్మెంటు డబ్బు జోలికి వెళ్లొద్దని ఎందుకంటున్నానంటే, యాభైలో కొత్త వృత్తి మొదలుపెట్టే మనిషికి దాన్ని తిరిగి నింపుకునే సంవత్సరాలు తక్కువ. పిల్లల పై చదువులు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి.

మరి ఫీజు ఎక్కణ్ణుంచి? ముందు ఒక ఆరు నెలలు, చదువు మొదలైపోయినట్టే బతికి చూడండి. ఏడాది ఫీజులో పన్నెండో వంతు నెలనెలా విడి ఖాతాలో వేయండి. రాత్రి గంటన్నర ఏదైనా ఒక న్యాయశాస్త్ర పాఠ్యపుస్తకంతో కూర్చోండి. డబ్బూ టైమూ రెండూ సాగితే, మొదటి వాయిదాలో సగం ఆ ఖాతాలోనే ఉంటుంది. మీ పని ఒప్పంద పత్రాలతోనే కాబట్టి, సంస్థ ఫీజులో కొంత భరిస్తుందేమో అడగండి. భరిస్తే, ఎన్నేళ్లు అక్కడే ఉండాలన్న షరతు పెడతారో చూసుకుని సంతకం చేయండి. ఆ షరతు మీ ప్రాక్టీసు తేదీని దాటిపోకూడదు.

లాయర్లను నమోదు చేసే సంస్థ నుంచి నమోదు చేసుకోం అని జవాబొస్తే, పెద్ద డిగ్రీ బదులు ఒప్పందాల చట్టంలో చిన్న కోర్సు చేసి ఇప్పటి ఉద్యోగంలోనే పై మెట్టుకు ప్రయత్నించడం మీకు నయమని నా అభిప్రాయం. ఖర్చు కొద్దిది, జీతం ఆగదు. కోర్టుకే వెళ్లాలన్నది మనసులో గట్టిగా ఉంటే, రెగ్యులర్ కోర్సుకు ఎన్నేళ్లు జీతం వదులుకోవాలో లెక్క వేరే వేయాలి.

ఆ సంస్థ జవాబు రాగానే మళ్లీ రాయండి. ఈసారి దేశం పేరు, నెల జీతం, ఇంటి రుణం ఉంటే దాని వాయిదా కూడా చెప్పండి. ఆరేళ్లకు నెలవారీ లెక్క కూర్చి పంపుతాను.