ఆమెకు 26 వారాలు సరే, షాపు నడిపే నాకేముంది?

తమ్ముడూ, నువ్వడిగింది మూడు విషయాలు. రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేసే మీ ఆవిడకు ప్రసూతి సెలవొస్తుందా, మొబైల్ షాపు పెట్టుకున్న నీకేమైనా ఉందా, ఇంట్లో జాకెట్లు కుట్టే మీ చెల్లెలి సంగతేంది అని. నాది తిరుపతి గాంధీ రోడ్డులో చిన్న ఫ్యాన్సీ షాపు. మా ఆవిడ కూడా అటువైపే ఒక కంపెనీలో లైన్ మీద చేసేది. అందుకే రాస్తున్నా.

మీ ఆవిడకు వస్తుంది. మా ఆవిడ వాళ్ల సూపర్‌వైజర్ ఏమన్నాడంటే, "కాంట్రాక్టోళ్లకి మెటర్నిటీ లేదమ్మా, ఇప్పుడు మానేసి కాన్పయినాక మళ్లీ చేరు" అని. ఆ మాట విని రాజీనామా రాసిచ్చినోళ్లు ఆ లైన్లోనే ఉన్నారు. మీ ఆవిడను మాత్రం ఏ కాగితం మీదా తొందరపడి సంతకం పెట్టనీయొద్దు. ప్రసూతి సెలవులో ఉన్నప్పుడు పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం.

ముందు పేస్లిప్పు చూడు. ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, కటింగు ఉంటే (నెల జీతం 21,000 లోపు వాళ్లకు ఉంటుంది) డబ్బులిచ్చేది కంపెనీ కాదు, ఈఎస్ఐ. 26 వారాలూ పూర్తి వేతనం లెక్కనే ఇస్తారు. దానికి ముందరి రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో, అంటే ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి లెక్కలో, కలిపి 70 రోజులకు చందా కట్టి ఉండాలి. జీతం అంతకంటే ఎక్కువైతే యాజమాన్యమే ఇవ్వాలి. దానికి ప్రసవం తేదీకి ముందరి 12 నెలల్లో 80 రోజులు పని చేసుంటే చాలు. 2025 నవంబరు 21 నుంచి పాత ప్రసూతి చట్టం పోయి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది గానీ, 26 వారాలు అట్లే ఉన్నాయి. మూడో బిడ్డకైతే 12 వారాలే.

ఇంట్లో గొడవ వచ్చేది తేదీల దగ్గర. తొలి కాన్పు కదా, సీమంతం చేసి ఏడో నెలలోనే పుట్టింటికి తీసకపోతామంటారు. మా అత్తగారూ అదే పట్టు పట్టింది. కానీ 26 వారాల్లో కాన్పుకు ముందు వాడుకోగలిగింది 8 వారాలే. అంతకు ముందే పోతే అది జీతం లేని సెలవు. పైగా ముందు 8 వాడేస్తే బిడ్డ పుట్టినాక మిగిలేది 18. మేము ముందు తక్కువ వాడి, వెనక్కి ఎక్కువ పెట్టుకున్నాం. అత్తగారు కొన్నాళ్లు మొహం ముడుచుకుంది, అది వేరే సంగతి. లైన్లో నిలబడి చేయడం కష్టంగా ఉంటే, ఆఖరి నెలల్లో కూర్చుని చేసే పని ఇమ్మని రాసి అడగొచ్చు, చట్టంలో ఉంది. నోటితో అడిగితే నవ్వి ఊరుకున్నారు, కాగితం ఇచ్చినాక ప్యాకింగు టేబులు దగ్గర స్టూలు వేశారు.

ఇక నీ సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే తండ్రిగా 15 రోజులు సెలవుంది. ప్రైవేటు కంపెనీ మగోళ్లకు ఇవ్వాలని చట్టమే లేదు, ఇస్తే యాజమాన్యం దయ. షాపోడికి అది కూడా లేదు. షట్టర్ దించితే ఆ రోజు గల్లా ఖాళీ, అద్దె మాత్రం ఆగదు.

అందుకని నా సలహా ఒకటే: నీ సెలవు కాన్పు రోజుల్లో ఖర్చు పెట్టొద్దు. అప్పుడు అమ్మ, అత్త, పిన్నమ్మలు ఇంటినిండా ఉంటారు. నువ్వు ఆసుపత్రి కారిడార్లో ఫ్లాస్కు పట్టుకుని నిలబడడం తప్ప పెద్దగా పని ఉండదు. అసలు కష్టం ఆమె మళ్లీ షిఫ్టుకు పోయేటప్పుడు మొదలవుతుంది. అప్పటికి అందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు పోయుంటారు. నేను ఆ నెలల కోసమే కొంచెం డబ్బు పక్కన పెట్టినా. పొద్దున మా బావమరిది షాపు తెరిచేవాడు, ఆమె షిఫ్టు దిగినాక నేను పోయేవాణ్ణి. వేసవి సెలవుల్లో, బ్రహ్మోత్సవాల్లో యాత్రికుల గిరాకీ ఉంటుంది కాబట్టి ఆ వారాలు మాత్రం వదల్లేదు. నీ ఏడాదిలో గిరాకీ ఎప్పుడో నీకే తెలుసు, దాన్నిబట్టి లెక్క వేసుకో. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పనివాళ్ల పసిబిడ్డల్ని చూసుకునే గది, ఉండాలి, బిడ్డకు 15 నెలలొచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలూ ఇవ్వాలి. మీ ఆవిడ చేరే ముందే ఆ రెండూ అడిగి పెట్టుకోమను.

చెల్లెలికి సెలవు అంటూ ఏమీ లేదు, ఎవరి దగ్గరా ఉద్యోగం కాదు కదా. కేంద్ర ప్రభుత్వం డబ్బులిచ్చే మాతృ వందన యోజన ఉంది. మొదటి బిడ్డకు 5,000, ముందు 3,000, తర్వాత 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చేది) ఉంటే అర్హత చూపించడం తేలిక. అంగన్‌వాడీ టీచరుతో ఇప్పుడే నమోదు చేయించు. ఖాతా ఆమె పేరు మీదే, ఆధార్ లింకై ఉండాలి, మొగుడి ఖాతా పనికిరాదు. రెండో విడతకు బిడ్డ జనన నమోదు, మొదటి టీకాలు పూర్తయిన కార్డు అడుగుతారు. ఈఎస్ఐ డబ్బులు తీసుకునే మీ ఆవిడకు ఇది రాదు, దానికోసం తిరగొద్దు.

మీ ఆవిడ డేటు ఎప్పుడు, పేస్లిప్పులో ఈఎస్ఐ నంబరు ఉందా లేదా చెప్పు, ఏ రోజు నుంచి సెలవు పెడితే మేలో లెక్క వేసి చెప్తా.