నెల్లూరులో తక్కువ అద్దెకు రూమ్ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మేడమ్, మాది వింజమూరు దగ్గర పల్లె. నెల్లూరులో వీఆర్సీ సెంటర్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బీకాం కంప్యూటర్స్ సీటు వచ్చింది. కాలేజీకి హాస్టల్ లేదు. ఏం చేసినా నెలకు 7 వేలకు మించి పంపలేనని నాన్న చెప్పేశారు. వేదాయపాళెంలో ముగ్గురం కలిసి ఉందాం, నీ వాటా 1,500 పడుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. మూలాపేటలో తెలిసినవాళ్ళ మేడ మీద గది ఉంది, 3,000 అని మామయ్య అంటున్నాడు. మాగుంట లేఔట్‌లో ఒక ప్రైవేటు హాస్టల్‌లో అడిగితే భోజనంతో కలిపి 6,500 చెప్పారు. ఎక్కడ చేరమంటారు?
– డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థి

జవాబు: ముందు హాస్టల్ సంగతి తేల్చేద్దాం. 7 వేలలో 6,500 పోతే మిగిలే 500లో ఫోన్ రీచార్జి, జిరాక్సులు, సబ్బులు, ఊరికి బస్ ఛార్జీ, అప్పుడప్పుడు కారం దోశ, ఇవన్నీ ఎలా సర్దుతావు? మూడో నెలకే నాన్నకి ఫోన్ చెయ్యాల్సి వస్తుంది. కాబట్టి అది వద్దు. అయితే నువ్వు ఎస్సీ, ఎస్టీ, బీసీల్లో ఎవరైనా అయితే ప్రైవేటు రూమ్ మాట ఎత్తకముందే ప్రభుత్వ కాలేజీ హాస్టల్‌లో సీటు ఉందేమో సంక్షేమ శాఖ ఆఫీసుకి వెళ్ళి అడుగు. చాలామంది అడ్వాన్స్ కట్టేశాక ఈ విషయం తెలుసుకుంటారు.

ఇక వేదాయపాళెం. 1,500 అనగానే చవగ్గా కనిపిస్తుంది. కానీ అది ఊరికి దక్షిణం కొస, నీ కాలేజీ ఊరి మధ్యలో. షేర్ ఆటోకి వెళ్ళడానికి 20, రావడానికి 20 అనుకో, నెలకు 25 రోజులు, వెయ్యి రూపాయలు అక్కడే అయిపోయాయి. సాయంత్రం లైబ్రరీకో, ట్యాలీ కోచింగ్‌కో మళ్ళీ సెంటర్‌కి రావాలంటే ఇంకో 40. అంటే 1,500 గది నీకు 2,500 దాటుతోంది, పైగా రోజుకి గంట ఆటోల కోసం నిలబడ్డానికే సరి. ఆర్టీసీ స్టూడెంట్ పాస్ ఉంది కదా అంటావేమో, ఉంది, తీసుకో కూడా, కానీ నీ కాలేజీ టైముకి ఆ రూట్లో సిటీ బస్సు నిజంగా వస్తుందా అని రెండు రోజులు స్టాపులో నిలబడి చూసుకున్నాకే దాన్ని లెక్కలో వేసుకో.

మూలాపేట గది ఖరీదుగా కనిపిస్తున్నది నువ్వు ఒక్కడివే ఉంటావనుకోబట్టి. ఓనర్‌ని ఒకటే అడుగు, ఇంకో అబ్బాయిని తెచ్చుకోవచ్చా అని. సరేనన్నారా, వేదాయపాళెం పిలుస్తున్న ఆ ఫ్రెండునే ఇటు లాక్కురా, ఇద్దరికీ తలా 1,500. అక్కడి నుంచి వీఆర్సీకి ఓ పాత సైకిల్ చాలు, పెట్రోలు లేదు, ఆటో లేదు. నా ఓటు దీనికే. కాకపోతే కళ్ళు మూసుకుని చేరకు. మూలాపేట పాత ఊరు, శివాలయం చుట్టూ ఇరుకు వీధులు, పాతకాలం ఇళ్ళు, ఓనర్లు చాలామంది కింద వాటాలోనే ఉంటారు. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, ఆదివారం చికెన్ వండుకోవచ్చా, ఫ్రెండ్స్ వస్తే ఊరుకుంటారా, ఇవి మొహమాటపడకుండా ముందే అడిగెయ్. మామయ్యకి తెలిసినవాళ్ళు కదా అని ఊరుకుంటే తర్వాత గొడవలో మామయ్య కూడా ఇరుక్కుంటాడు.

మేడ మీద గది అన్నావు కాబట్టి ఇంకో మాట. పైన శ్లాబా, రేకులా? రేకులైతే మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి గదిలో పది నిమిషాలు కూర్చో. మార్చి దాటాక నెల్లూరు ఎండలో రేకుల గది ఎలా ఉంటుందో నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు, పరీక్షలు కూడా సరిగ్గా అప్పుడే. కిటికీలకి మెష్ ఉందా చూడు. నెల్లూరు దోమల గురించి పక్క జిల్లాల వాళ్ళు కూడా జోకులేస్తారు, అవి జోకులు కావు. దోమతెర ఇంటి నుంచే తెచ్చుకో.

కరెంటు దగ్గర మోసపోకు. ఓనర్లు సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కి 10, 12 అని వసూలు చేస్తుంటారు. ఇళ్ళ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకి రేటు రెండు రూపాయల లోపే, అన్నిటికన్నా పై శ్లాబు కూడా పది దాటదు. కాబట్టి బిల్లు చూపించి వాటా వేసుకుందామని మర్యాదగా అడగొచ్చు, తప్పేం లేదు. నీళ్ళకి కుళాయి ఎప్పుడొస్తుంది, బోరు ఉప్పగా ఉందా, తాగడానికి క్యాన్ కొనాలా అనేది కూడా కనుక్కో, క్యాన్ల ఖర్చు నెలాఖరుకి బాగానే తేలుతుంది.

వాన సంగతి ఎవరూ అడగరు. నేను ముందు అదే అడుగుతాను. మనకి పెద్ద వానలన్నీ ఈశాన్య రుతుపవనాలతోనే, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అంటే నీ సెమిస్టర్ నడిమధ్యలో. నెల్లూరు ఊళ్ళోంచి రైలు పట్టాలు పోతాయి కదా, గట్టి వాన పడితే మాగుంట లేఔట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల్లో నీళ్ళు నిలిచిపోయి ఆటోలు ఆగిపోతాయి. పట్టాలకి కాలేజీ ఉన్న వైపే గది దొరికితే ఆ టెన్షన్ ఉండదు. పెన్నా వైపు కాలనీల్లో అద్దె మరీ తక్కువ చెబితే సంతోషపడే ముందు వీధి చివర టీ కొట్టులో అడుగు, 2021 నవంబరు వరదకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని. భగత్‌సింగ్ కాలనీ, జనార్దన్ రెడ్డి కాలనీ అప్పుడు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. టీ కొట్టాయన గోడ మీద వేలు పెట్టి చూపిస్తాడు. ఓనర్ మాత్రం "ఇక్కడికి రాలేదయ్యా" అనే అంటాడు.

తిండికి పొద్దున వండుకుని మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్ళండి, ఇద్దరున్నారు కాబట్టి గిట్టుబాటు అవుతుంది. కుదరని పూట అన్న క్యాంటీన్ ఉంది, 5 రూపాయలకి కడుపునిండా భోజనం. నామోషీ అనుకునేవాళ్ళు అనుకోనీ.

ఒకవేళ మూలాపేట ఓనర్ ఇద్దరికి ఒప్పుకోకపోతే సంతపేట, ఫతేఖాన్‌పేట సందుల్లో సైకిల్ మీద తిరుగు. మీ వింజమూరు బస్సులు నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండ్ నుంచే కాబట్టి శనివారం ఊరికి పోవడానికీ అటువైపు వీలు. పాత ఇళ్ళలో ఖాళీ అయిన వాటాలు నెట్‌లో కనిపించవు, గేటుకి కట్టిన అట్టముక్క మీద ఉంటాయి. బ్రోకర్‌కి నెల అద్దె ఇచ్చే బదులు కాలేజీ పక్క మెస్ ఆవిడనో, జిరాక్స్ షాపతన్నో అడుగు, ఎవరు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

ప్రశ్న: మా అమ్మాయికి నెల్లూరు దర్గామిట్ట దగ్గర కాలేజీలో బీఎస్సీ సీటు వచ్చింది. మాది ఆత్మకూరు. బస్సు ఫ్రీయే కదా, రోజూ వెళ్ళి రమ్మంటున్నారు మా ఆయన. హాస్టల్‌లో పెట్టాలని నాకుంది. ఏది మంచిది?
– ఒక తల్లి, ఆత్మకూరు

జవాబు: 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకి టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు, అది నిజంగా పెద్ద ఊరట. కానీ టికెట్ ఒక్కటే ఫ్రీ అమ్మా. పోనూ రానూ వంద కిలోమీటర్ల పైనే, బస్సు నెల్లూరులో ఆత్మకూరు బస్టాండ్ అనే చోట దింపితే అక్కడి నుంచి దర్గామిట్టకి మళ్ళీ ఆటో. బీఎస్సీకి ప్రాక్టికల్స్ ఉంటాయి, అవి ఉన్న రోజు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. మీది నెల్లూరుకి దగ్గర్లోని బుచ్చో కోవూరో అయితే నేనే రోజూ తిరగమనేదాన్ని. ఆత్మకూరు నుంచి మూడేళ్ళు అంటే కష్టం. కాలేజీకి నడిచి వెళ్ళే దూరంలో లేడీస్ హాస్టల్ చూడండి, మీరే స్వయంగా వెళ్ళి రాత్రి వార్డెన్ అక్కడే పడుకుంటుందా, బాత్‌రూమ్‌లు ఎంతమందికి ఎన్ని, మానేస్తే అడ్వాన్స్ ఎంత తిరిగిస్తారు అని అడగండి. ఆ ఫ్రీ బస్సుని వారం వారం ఇంటికి రావడానికి వాడుకోమనండి. మీ ఆయనకి ఛార్జీ లెక్క ఎలాగూ నచ్చుతుంది కదా, ఆటో ఖర్చు, బయట టిఫిన్ ఖర్చు కూడా ఆ లెక్కలో రాసి చూపించండి.

ప్రశ్న: ఒంగోలు మంగమూరు రోడ్డులో ముగ్గురం రూమ్ ఖాళీ చేశాం. 10 వేల అడ్వాన్స్‌లో సున్నం, పెయింట్ అని 6 వేలు పట్టుకున్నారు. అగ్రిమెంట్ లేదు. ఏమైనా చెయ్యగలమా?
– ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: అడ్వాన్స్ ఫోన్‌పేలో వేశారా? వేసి ఉంటే ఆ ఎంట్రీ, నెలనెలా అద్దె ఎంట్రీలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ఒకచోట పెట్టుకోండి, అగ్రిమెంట్ లేకపోయినా అవే ఆధారం. మనుషులు ఉన్న ఇంట్లో గోడలు మాసిపోవడం మామూలే, మేకులు కొట్టి పెచ్చులూడగొడితే అది వేరు. నిజంగా ఏం పాడు చేశారో మీలో మీరు ముందు ఒప్పుకోండి, దానికి న్యాయమైన ఖర్చు వదిలేసి మిగతాది రాతపూర్వకంగా అడగండి. పెయింట్ బిల్లు చూపించమనండి. అప్పటికీ ఇవ్వకపోతే ఒంగోలు కోర్టు దగ్గర జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, కేసు వెయ్యకుండానే లోక్ అదాలత్‌లో అర్జీ పెట్టొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడి నుంచి నోటీసు వెళ్ళగానే చాలామంది ఓనర్లు మాట్లాడుకుందాం రమ్మంటారు. వెళ్ళేటప్పుడు ముగ్గురూ కలిసి వెళ్ళండి, ఒక్కడినే పంపకండి. కొత్త రూమ్‌లో దిగిన రోజే గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు వీడియో తీసి ఓనర్‌కే వాట్సాప్ చెయ్యండి.